సజ్జ మీది పాత ప్లేస్టేషన్ పారేస్తున్నారా? ఆగండి.. బీరువాలోని పెళ్లి డీవీడీ అందులోనే ప్లే అవుతుంది!

దుబాయ్, మస్కట్, బహ్రెయిన్, సౌదీ.. కోనరావుపేట మండలంలో ఏ ఊరికి పోయినా, అటు కోరుట్ల, జగిత్యాల దాకా ఏ వాడలో అడిగినా గల్ఫ్ పోయొచ్చిన మనిషి ఒకరైనా కనిపిస్తారు. వాళ్లు తెచ్చే సామాను కూడా అందరికీ తెలిసిందే. దుప్పట్లు, సెంటు సీసాలు, టార్చిలైటు, చాక్లెట్ డబ్బాలు. కొంచెం చేతిలో పైసలు మిగిలిన ఏడాది పిల్లల కోసం ఒక గేమ్ డబ్బా. ప్లేస్టేషన్ 2 కావచ్చు, 3 కావచ్చు, ఎక్స్‌బాక్స్ కావచ్చు. పిల్లలు నాలుగేళ్లు ఆడారు. తర్వాత స్మార్ట్‌ఫోన్ వచ్చింది. డబ్బా వైర్లతో సహా కవర్లో చుట్టుకుని సజ్జ ఎక్కింది.

అదే ఇంట్లో బీరువా తెరిస్తే చీరల కింద మరో కవర్ ఉంటుంది. అందులో పెళ్లి డీవీడీలు. స్టూడియో వాళ్లు వధూవరుల ఫొటో ప్రింట్ చేసి ఇచ్చినవి. డీవీడీ ప్లేయర్ ఎప్పుడో పాత సామానోడికి పోయింది. కొత్త స్మార్ట్ టీవీకి డిస్క్ పెట్టే చోటే లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లకూ లేదు. అంటే ఆ పెళ్లి చూడాలంటే ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మెషిన్ సజ్జ మీద ఉన్న ఆ గేమ్ డబ్బా.

'పాత ప్లేస్టేషన్‌ను స్మార్ట్ టీవీ బాక్స్‌గా మార్చేయండి' అంటూ యూట్యూబ్‌లో వీడియోలు బోలెడు. అందులో సగం నిజం, సగం ఆశ. పాత కన్సోల్ మీడియా ప్లేయర్‌గా పనికొస్తుంది. కాకపోతే నెట్‌లో సినిమాలు చూడటానికి కాదు. డిస్కులు, పెన్‌డ్రైవ్, ఫోన్‌లో మీరు తీసుకున్న వీడియోలు.. వీటికి మాత్రం భేష్.

ముందు అడాప్టర్ వెనక చూడండి

డబ్బా దించగానే ప్లగ్గులో పెట్టేయకండి. ఎక్కడ కొన్నదో గుర్తు చేసుకోండి. అడాప్టర్ మీద లేదా డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ వోల్టేజ్ రాసి ఉంటుంది. '100-240' అని ఉంటే దిగులు లేదు. '220-240' అని ఉన్నా మన కరెంటుకు సరిపోతుంది. దుబాయ్, మస్కట్, బహ్రెయిన్ నుంచి వచ్చినవి మామూలుగా ఇలాగే ఉంటాయి. కానీ '120' అనో, '100-127' అనో ఉంటే మాత్రం జాగ్రత్త. అమెరికాలో కొన్న ఎక్స్‌బాక్స్ 360 ఇటుక లాంటి అడాప్టర్ మీద ఉండేది ఇదే. సౌదీలోనూ పాత ఇళ్లలో 127 వోల్టుల లైన్ ఉండేది కాబట్టి అక్కడి సామానుకూ ఒకసారి లేబుల్ చూడటం మంచిది. అలాంటి దాన్ని నేరుగా మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఠప్పుమని పోతుంది, పొగ కూడా రావచ్చు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి, లేదంటే 230కి సరిపోయే అడాప్టర్ వెతుక్కోవాలి.

గల్ఫ్ ప్లగ్గు మూడు చదరపు కాళ్లది. మన సాకెట్‌లో పట్టదు. కన్వర్టర్ పిన్ను ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. అసలు వైరే మార్చేస్తే ఇంకా నయం, కన్వర్టర్ వదులైతే వేడెక్కుతుంది.

తర్వాత దుమ్ము. మరమగ్గాల షెడ్డు దగ్గర్లో ఇల్లున్న వాళ్లకు చెప్పక్కర్లేదు, దూది నూగు ఎక్కడెక్కడికి దూరుతుందో. కన్సోల్ లోపల ఫ్యాను ఉంటుంది, జాలీల్లో నూగు పేరుకుంటే గాలి ఆడదు. మెత్తటి బ్రష్‌తో జాలీలు తుడవండి. బ్లోయర్ కొట్టేటట్టయితే ఫ్యాను తిరగకుండా పుల్లతో ఆపి కొట్టండి. టీవీ స్టాండ్ అరలో ఇరికించకుండా నాలుగు దిక్కులా గాలి తగిలేలా పెట్టండి. ముఖ్యంగా లావుపాటి పాత ప్లేస్టేషన్ 3 వేడికి చచ్చిపోవడంలో పేరుపొందిన డబ్బా.

ఏ డబ్బా ఏం చేస్తుంది?

90ల్లో జాతరల్లో, కిరాణా షాపుల్లో దొరికిన 'టీవీ వీడియోగేమ్' గుర్తుందా? పసుపు క్యాసెట్ గుచ్చితే మారియో వచ్చేది. దాన్ని మాత్రం జ్ఞాపకంగా దాచుకోండి. అవి నింటెండో పాత మెషిన్‌కు నకళ్లు. ఆ అసలు మెషిన్ చిప్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, మెమరీ 2 కిలోబైట్లు. వాట్సాప్ స్టిక్కర్ ఒకటి కూడా అందులో పట్టదు.

ప్లేస్టేషన్ 2 నుంచి అసలు కథ మొదలు. 2000లో జపాన్‌లో వచ్చినప్పుడు డీవీడీ ప్లేయర్ ఇంకా ఖరీదైన వస్తువు. గేమ్ కోసం కాకుండా డీవీడీ కోసమే దాన్ని కొన్నవాళ్లు చాలామంది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన గేమ్ కన్సోల్ ఇదే, 15 కోట్లు దాటింది. పెళ్లి డీవీడీ పెడితే ప్లే చేస్తుంది, పాటల ఆడియో సీడీ పెట్టినా ప్లే చేస్తుంది. పెన్‌డ్రైవ్ గుచ్చితే మాత్రం పట్టించుకోదు. దానికి మెమరీ కార్డులో ప్రత్యేక ప్రోగ్రాం ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది. కానీ యూఎస్‌బీ పోర్టు మొదటి తరానిది, ఇప్పటి ఫోన్ వీడియోలు అది చదవలేదు. అంత కష్టం దండగ. టీవీకి పెట్టడానికి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు కావాలి. కొత్త టీవీల్లో చాలావాటికి ఆ మూడు రంధ్రాల బదులు ఒకే చిన్న ఏవీ రంధ్రం ఉంటుంది. టీవీతో పాటు ఇచ్చిన చిన్న కనెక్టర్ వైరు ఎక్కడ పెట్టారో వెతకండి.

ఎక్కువ ఇళ్లలో దొరికేది, అన్నిటికంటే పనికొచ్చేది ప్లేస్టేషన్ 3. 2006 నవంబర్‌లో జపాన్, అమెరికాలో వచ్చింది. అప్పట్లో మార్కెట్లో చవకైన బ్లూరే ప్లేయర్లలో ఇదొకటి అంటే ఇప్పటివాళ్లు నమ్మరు. బ్లూరేకు, తోషిబా వెనకున్న హెచ్‌డీ డీవీడీకి మధ్య నడిచిన యుద్ధంలో ఈ డబ్బానే ఇంటింటికీ బ్లూరేను మోసుకెళ్లింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది. మనకు కావాల్సిన సంగతి ఏంటంటే ఇందులో హెచ్‌డీఎంఐ ఉంది, డీవీడీ బొమ్మను పెద్ద టీవీకి తగ్గట్టు సాఫు చేసి చూపిస్తుంది, పెన్‌డ్రైవ్ చదువుతుంది, ఇంట్లోని వైఫై మీద ఫోన్ నుంచి, ల్యాప్‌టాప్ నుంచి వీడియో లాక్కుంటుంది.

ఒక చిన్న అడ్డంకి మొదట్లోనే తగులుతుంది. కంట్రోలర్ చార్జింగ్ పిన్ను ఇప్పటి టైప్-సీ కాదు, దానికి ముందు వచ్చిన మైక్రో కూడా కాదు. అంతకంటే పాత మినీ పిన్ను. పాత డిజిటల్ కెమెరాలకు ఉండేది అదే. ఫొటో స్టూడియో వాళ్లనడిగితే ఒక వైరు ఇస్తారు.

ఎక్స్‌బాక్స్ 360 డీవీడీ చూపిస్తుంది, పెన్‌డ్రైవ్ చదువుతుంది. బ్లూరే లేదు. నింటెండో వీ అయితే డిస్క్ పెట్టే చోటు ఉన్నా డీవీడీ సినిమా చూపించదు, కంపెనీయే ఆ సౌకర్యం ఇవ్వలేదు. ప్లేస్టేషన్ 4 ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2015లో సోనీ దానికి మీడియా ప్లేయర్ యాప్ ఇచ్చింది. స్టోర్ నుంచి దించుకుంటే పెన్‌డ్రైవ్‌లోని ఎంకేవీ ఫైళ్లు కూడా ఆడతాయి. డీవీడీ చూడాలంటే మాత్రం ఒక్కసారి నెట్‌కు కలపాలి, డిస్క్ సౌకర్యం అప్పుడు తెరుచుకుంటుంది. ఎక్స్‌బాక్స్ వన్ అయితే ఇంకా సులువు. స్టోర్‌లోనే వీఎల్‌సీ ఉంది, 2017 చివర్లో కోడీ కూడా వచ్చింది. డిస్కుల కోసం బ్లూరే ప్లేయర్ యాప్ దించుకోవాలి. అంతే, విప్పడాలు, హ్యాక్ చేయడాలు ఏమీ లేవు.

ఈ కోడీ కథ కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో డీవీడీ చూడాలంటే రిమోట్ కిట్ విడిగా కొనాల్సి వచ్చేది. లోపల ఉన్నదేమో మామూలు కంప్యూటరే, 733 మెగాహెర్ట్జ్ ఇంటెల్ చిప్, 64 ఎంబీ మెమరీ. కుర్రాళ్లు ఊరుకుంటారా? దాని తాళం పగలగొట్టి సొంతంగా ఒక ప్లేయర్ రాసుకున్నారు. ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్ అని పేరు పెట్టారు. 2004లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. తర్వాత అది కంప్యూటర్లకు, ఫోన్లకు పాకింది, 2014లో పేరు కోడీ అయింది. ప్లెక్స్ అనే మరో పేరున్న యాప్ పుట్టింది కూడా దాని నుంచే. చివరికి 2017లో ఎక్స్‌బాక్స్ స్టోర్‌లోకి రాజమార్గంలో వచ్చింది. దొడ్డిదారిన పుట్టిన బిడ్డ ముందు గుమ్మం నుంచి ఇంటికి రావడానికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది.

డిస్క్ పెడితే 'ఎర్రర్' వస్తోందా?

అమెరికాలో ఉన్న బంధువు పంపిన ప్లేస్టేషన్ 2, 3 అయితే మన పెళ్లి డీవీడీని తిరగ్గొట్టే అవకాశం ఎక్కువ. మన స్టూడియోలు డీవీడీలు చేసింది మన టీవీ పద్ధతైన పాల్‌లో. అమెరికా మెషిన్లకు తెలిసింది ఎన్‌టీఎస్‌సీ ఒక్కటే. గల్ఫ్‌లో అమ్మినవి పాల్ మెషిన్లే కాబట్టి ఈ విషయంలో దుబాయ్ డబ్బా అమెరికా డబ్బా కంటే మేలు.

సినిమా డీవీడీలకు ఇంకో తిరకాసు ఉంది, రీజియన్ కోడ్. గల్ఫ్ దేశాలది 2వ రీజియన్, మనది 5. బ్లూరేలో గల్ఫ్ 'బి', మనది 'సి'. కవర్ వెనక చిన్న భూగోళం బొమ్మలో అంకె ఉంటుంది. అందులో 'ఆల్' అనో 0 అనో ఉంటే ఎక్కడైనా ప్లే అవుతుంది. పెళ్లి డీవీడీలకు ఈ తాళాలేమీ ఉండవు.

అన్నీ సరిగ్గా ఉన్నా డిస్క్ ఆగి ఆగి వస్తుంటే ముందు తుడవండి. మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకు నిలువుగా తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే గీతలు పడి ఇంకా చెడుతుంది. మన స్టూడియోల్లో రాసిన డీవీడీలు సినిమా డీవీడీల్లాంటివి కావు. అవి ఫ్యాక్టరీలో అచ్చు వేసినవి. ఇవేమో రంగు పొర మీద లేజర్‌తో రాసినవి. ఆ రంగు ఎండకు, వేడికి, తేమకు మెల్లగా వెలుస్తుంది. రేకుల ఇంట్లో ఇరవై ఎండాకాలాలు చూసిన డిస్క్ ఇవాళ ప్లే అయితే వచ్చే ఏడాది కూడా అవుతుందన్న గ్యారంటీ లేదు. ఈ కథనంలో నిజంగా తొందరపడాల్సిన విషయం ఇదొక్కటే.

2000 దరిదాపుల్లో పెళ్లయిన వాళ్లకు డీవీడీ కాకుండా వీసీడీలు ఇచ్చి ఉంటారు. ఒక్కో దాంట్లో గంటా పావు పట్టేది, అందుకే ఒక పెళ్లికి మూడు నాలుగు డిస్కులు. వాటిని ప్లేస్టేషన్ 2 ప్లే చేయదు. ప్లేస్టేషన్ 4 అయితే సీడీలనే చదవలేదు. ఆ డిస్కులను కంప్యూటర్‌లో పెట్టండి. ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ అనే తోకతో పెద్ద ఫైలు ఉంటుంది. దాన్ని కాపీ చేసుకుని వీఎల్‌సీలో తెరిస్తే పెళ్లి వచ్చేస్తుంది.

ఫోన్ వీడియోలు టీవీ మీదికి ఎలా?

పెన్‌డ్రైవ్ దారి ముందు చూద్దాం. ప్లేస్టేషన్ 3 ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువుతుంది. 32 జీబీది తీసుకోండి. అంతకంటే పెద్దదైతే విండోస్‌లో మామూలుగా ఫ్యాట్32 ఆప్షన్ కనబడక తిప్పలు పడతారు. ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెన్‌డ్రైవ్ గుచ్చి వీడియో కాలమ్‌లోకి పోతే 'ఫైళ్లు లేవు' అంటుంది. ఇక్కడే చాలామంది డబ్బా పాడైందనుకుని మళ్లీ సజ్జ ఎక్కిస్తారు. పాడవలేదు. పెన్‌డ్రైవ్ బొమ్మ మీద ఉండి ట్రయాంగిల్ బటన్ నొక్కండి, 'డిస్‌ప్లే ఆల్' అని వస్తుంది. అది నొక్కితే ఫోల్డర్లన్నీ బయటపడతాయి.

ఫైలు కనిపించినా ప్లే కాకపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, కోడెక్. వీడియోను కుదించి సర్దే పద్ధతి అన్నమాట. ప్లేస్టేషన్ 3, 4 రెండింటికీ తెలిసింది హెచ్.264. ఇప్పటి ఫోన్లు చోటు ఆదా కోసం హెచ్.265లో తీస్తున్నాయి. ఐఫోన్ 2017 నుంచి అంతే. ఈ డబ్బాలకు ఆ భాష రాదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు ప్లే అవుతున్నాయి, ఫోన్‌లో తీసినవి మాత్రం రావట్లేదు అంటే సంగతి ఇదే. కెమెరా సెట్టింగ్‌లో హెచ్.264 లేదా 'మోస్ట్ కంపాటబుల్' పెట్టుకుంటే ఇకపై తీసేవి ఆడతాయి. పాతవాటిని ల్యాప్‌టాప్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంతో మార్చుకోవచ్చు. అందులో 'ఫాస్ట్ 1080పీ30' అనే రెడీమేడ్ సెట్టింగ్ ఉంటుంది, అది చాలు.

రెండో దారి వైఫై. ఈ పద్ధతిని డీఎల్‌ఎన్‌ఏ అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో బబుల్‌యూపీఎన్‌పీ లాంటి యాప్ వేసుకోండి. ప్లేస్టేషన్ 3లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి పోయి మీడియా సర్వర్ కనెక్షన్ ఆన్ చేయండి. వీడియో కాలమ్‌లో 'సెర్చ్ ఫర్ మీడియా సర్వర్స్' నొక్కితే ఫోన్ పేరు కనిపిస్తుంది. చాలామందికి ఒక అనుమానం, డేటా అయిపోదా అని. అయిపోదు. వీడియో ఫోన్ నుంచి డబ్బాకు ఇంట్లోనే పోతుంది, ఇంటర్నెట్‌తో పని లేదు. బ్రాడ్‌బ్యాండ్ లేని ఊళ్లో కూడా ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఇది నడిపించుకోవచ్చు.

మరి యూట్యూబ్, ఓటీటీ సంగతి?

ఆశ పెట్టుకోకండి. పాత మెషిన్లకు యాప్‌లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. వీలో వీడియో యాప్‌ల సేవలు 2019 జనవరితోనే అయిపోయాయి. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జులై 29న మూతపడింది. ప్లేస్టేషన్ 3లో బ్రౌజర్ ఉంది గానీ ఇప్పటి వెబ్‌సైట్లను మోసే శక్తి దానికి లేదు. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ వాళ్లకు యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ ఇంకా నడుస్తున్నాయి.

నడిచినా కరెంటు లెక్క ఒకటుంది. లావుపాటి తొలి ప్లేస్టేషన్ 3 సినిమా చూపించడానికే 150 వాట్లకు పైగా తాగుతుంది. రోజుకు మూడు గంటలు నడిపితే నెలకు 13 యూనిట్లు దాటుతుంది. అదే పని చేసే చిన్న స్టిక్‌కు నాలుగైదు వాట్లు చాలు, నెలంతా కలిపి అర యూనిట్ కూడా కాదు. 2009 తర్వాత వచ్చిన స్లిమ్ మోడల్ పాతదాంట్లో సగం దాకా తీసుకుంటుంది. అందుకే రోజూ సీరియళ్లు చూడటానికి ఈ డబ్బా కరెక్ట్ కాదు. పండక్కి అందరూ ఇంటికొచ్చినప్పుడు పెళ్లి డీవీడీ పెట్టుకోవడానికి కరెక్ట్.

'జైల్‌బ్రేక్ చేసి అన్నీ ఫ్రీగా వచ్చేలా చేస్తాం' అనే షాపులు కనిపిస్తాయి. డిస్కులకు, పెన్‌డ్రైవ్‌కు జైల్‌బ్రేక్ అవసరం లేదు. పైగా మధ్యలో కరెంటు పోతే డబ్బా పూర్తిగా మూగబోతుంది. ఇంకో మాట, పాత అకౌంట్‌లో గల్ఫ్ బ్యాంకు కార్డు సేవ్ అయి ఉందేమో చూసి తీసేయండి. ఎవరికైనా ఇచ్చేస్తుంటే మొత్తం రీసెట్ చేసి ఇవ్వండి.

డిస్క్ ప్లే అయిన రోజే కాపీ చేయండి

ఇక్కడ ఒక పరిమితి ఉంది. ప్లేస్టేషన్ డీవీడీని చూపిస్తుంది గానీ దాన్ని లోపలి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయదు. దానికి కంప్యూటర్ కావాలి. డీవీడీ డ్రైవ్ ఉన్న పాత డెస్క్‌టాప్ గానీ, బయట తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ గానీ చూసుకోండి. పక్కింట్లో ఇంజినీరింగ్ చదివిన పిల్లలుంటే వాళ్లనడిగినా చాలు. హ్యాండ్‌బ్రేక్‌లో డీవీడీని తెరిచి హెచ్.264 ఎంపీ4గా మారిస్తే మూడు గంటల పెళ్లి మామూలుగా ఒకటి రెండు జీబీల్లోకి వస్తుంది. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి వేరే ఇంట్లో ఉన్న అక్క దగ్గరో, తమ్ముడి దగ్గరో పెట్టండి.

అదే ఫైలు గల్ఫ్‌లో ఉన్న మనిషికి కూడా పంపొచ్చు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగి మసకగా పోతుంది. అటాచ్ గుర్తు నొక్కి 'డాక్యుమెంట్' ఎంచుకుని పంపండి. 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టే పోతుంది. అంతకు మించితే బారాత్ ఒక ఫైలు, పెళ్లి ఒక ఫైలు చేయించండి.